నల్లబల్ల కనిపించని ఫిడేలు నాయుడు గారు



మన క్యాంపస్ ఎక్కడుందో మీకు చెప్పక్కర్లేదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్ నగర్ వైపు తిరిగితే ఒక పక్క స్టూడియోలు, ఇంకో పక్క ఫిల్మ్ ఛాంబర్, మధ్యలో మన స్కూలు బస్సులు. ఏ సెక్షన్ తీసుకున్నా, సినిమా పనితో బతికే ఇల్లు ఒకటైనా ఉంటుంది. కొందరు డబ్బింగ్ చెప్తారు, కొందరు ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చుంటారు, కొందరు లైట్లు మోస్తారు. పేరెంట్ టీచర్ మీటింగ్‌కి రాత్రి షూటింగ్ నుంచి నేరుగా వచ్చి, కునికిపాట్లు పడుతూనే ప్రోగ్రెస్ కార్డు చూసుకునే నాన్నలు మాకు బాగా తెలుసు.

అందుకే ఈ నెల జీవితకథ సినిమా పాట దగ్గర మొదలుపెడతాను. ఘంటసాల గారి పాట వినని ఇల్లు మనలో లేదు. సుశీల గారి పాట వినని అమ్మమ్మ లేదు. వీళ్ళిద్దరూ సంగీతం నేర్చుకున్న ఊరు ఒకటే, విజయనగరం. చేరిన చోటు కూడా ఒకటే, అక్కడి మహారాజా వారి సంగీత కళాశాల. ఘంటసాల గారు కుర్రవాడిగా అక్కడికి చేరిన రోజుల్లో ప్రిన్సిపాల్ కుర్చీలో ఉన్న మనిషి స్కూలు చదువు పూర్తి చేయనివారు. తెలివి లేక కాదు, డబ్బు లేక కాదు. కళ్ళు సరిగా కనిపించక.

ఆయన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఆంధ్రదేశమంతా ఫిడేలు నాయుడు గారు అని పిలుచుకుంది. మీ పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఉందో లేదో గానీ, పక్క బెంచీలో కూర్చున్న ఓ పిల్లవాడి గురించి మీకు ఏదైనా సందేహం ఉంటే ఈయన కథ ఒకసారి చదవండి.

నాయుడు గారు 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. ఆ రోజు దీపావళి. తండ్రి సైన్యంలో ఉద్యోగి. పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. చిన్నప్పటి నుంచే చూపు మందం. అది పెరిగేకొద్దీ బడి కష్టమైంది. చివరికి పై తరగతులకు చేరకుండానే చదువు ఆగిపోయింది. జీవితచరిత్రల్లో ఇది ఒక్క వాక్యంలో అయిపోతుంది. చూపు లేక చదువు మానేశారు, అన్నగారి దగ్గర ఫిడేలు నేర్చుకున్నారు అని రాసేసి ముందుకు వెళ్ళిపోతారు. టీచరుగా పనిచేస్తున్న నాకు ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగాలనిపిస్తుంది.

చూపు ఆనని పిల్లవాడికి క్లాసులో ఏం జరుగుతుందో ఆలోచించండి. నల్లబల్ల మీద అక్షరాలు తెల్లటి మరకల్లా కనిపిస్తాయి. ఆ సంగతి వాడు టీచరుకు చెప్పడు. చెప్పాలని వాడికి తెలియదు. లోకమంతా అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. అందుకని పక్కవాడి పలక వైపో, నోటుబుక్కు వైపో తొంగిచూస్తాడు. తొంగిచూస్తే టీచరుకు కోపం. మన భాషలో చూచిరాత అనే మాటకు రెండర్థాలున్నాయి. దస్తూరీ బాగుపడాలని మనమే రాయించేది ఒకటి, పరీక్షలో పట్టుకుని బయటికి పంపేది ఇంకొకటి. చూపు సరిగా లేని పిల్లవాడికి మొదటిది చేతకాదు, రెండోది తప్పదు. రెండింటికీ తిట్లే.

అప్పుడు టీచరు కంటికి ఏం కనిపిస్తుంది? పాఠం మీద ధ్యాస లేని పిల్లవాడు, అడిగితే నీళ్ళు నమిలేవాడు, పక్కవాళ్ళది చూసి రాసేవాడు. ఆ టీచరు చెడ్డవాడు కానక్కర్లేదు. యాభై మంది పిల్లల ముందు నిలబడి, గంట కొట్టేలోపు పాఠం ముగించాల్సిన మనిషి అతను. లోపం ఎక్కడుందో వెతికే తీరిక లేనప్పుడు మనిషి చేసే మొదటి పని అది పిల్లవాడిలోనే ఉందని తేల్చేయడం. నూట ఇరవై ఏళ్ళ కిందటి విశాఖపట్నంలోనే కాదు, ఇవాళ ఏసీ ఉన్న క్లాసురూములోనూ అంతే. బెత్తం పోయింది, గోడకుర్చీ పోయింది. డైరీలో ఎర్ర సిరాతో ఒక వాక్యం వస్తుంది, అంతే తేడా.

ఇంటి దగ్గర నాయుడు గారికి ఒక అదృష్టం ఉంది. అన్నగారు వెంకటకృష్ణయ్య గారికి ఫిడేలు వచ్చు. తమ్ముడికి నేర్పడం మొదలుపెట్టారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. కర్ణాటక సంగీతం నేర్పే పాత పద్ధతిలో నల్లబల్ల లేదు. గురువు పాడతాడు లేదా వాయిస్తాడు, శిష్యుడు విని తిరిగి వాయిస్తాడు. సరళీ స్వరాలు, జంటలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు అన్నీ చెవి నుంచి చేతికి వెళతాయి. గమకం ఎంత ఊగాలో కాగితం మీద రాసి చూపించినా లాభం లేదు, వినాల్సిందే. బడిలో అన్నిటికంటే వెనక ఉన్న పిల్లవాడు ఈ పద్ధతిలో ఏ తక్కువా లేనివాడయ్యాడు. అతని కళ్ళు మారలేదు. నేర్పే దారి మారింది.

చూపు లేనివాళ్ళకు దేవుడు చెవులు ఎక్కువిస్తాడని అంటుంటారు. అలాంటి మాటలు నాకు పెద్దగా నచ్చవు. ఆ మాటతో మనిషి పడ్డ కష్టమంతా కొట్టుకుపోతుంది. ఫిడేలుకు వీణ లాగా మెట్లు ఉండవు. వేలు వెంట్రుకవాసి పక్కకు జరిగితే స్వరం తప్పుతుంది. ఆ చోటు చేతికి అలవాటు కావాలంటే రోజూ గంటల కొద్దీ సాధన చేయాలి. నాయుడు గారు అది ఏళ్ళ తరబడి చేశారు. కమాను లాగడంలో నాదం ఎక్కడా తెగకుండా సాగదీయడం ఆయన ప్రత్యేకత అని విద్వాంసులు చెప్పుకుంటారు. పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుల గ్రామఫోను రికార్డులు కూడా శ్రద్ధగా వినేవారు. వాళ్ళ కమాను పట్టులో మనకు పనికొచ్చేది ఏదైనా ఉందా అని చూసుకునేవారు. దానికి చెవి ఒక్కటే చాలదు, ఓపిక కూడా కావాలి.

ఇక విజయనగరం. ఈ భాగం మీ పిల్లలకు కూడా చదివి వినిపించండి.

విజయనగరం సంస్థానంలో చాగంటి జోగారావు గారనే ఉద్యోగి ఉండేవారు. ఆయన కొడుకు గంగబాబుకు చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించే ఏర్పాటు చేయాలన్న ఆలోచన మహారాజా విజయరామ గజపతి గారిదాకా వెళ్ళింది. ఒక్క పిల్లవాడి కోసం ఇంటికి ఒక గురువును పంపితే సరిపోయేది. రాజుగారికి అది పెద్ద ఖర్చేం కాదు. ఆయన ఆ పని చేయలేదు. ఈ పిల్లవాడితో పాటు ఇంకా ఎందరికో పనికొచ్చేలా ఒక కళాశాలే పెట్టించారు. అలా 1919లో విజయనగరం సంగీత కళాశాల మొదలైంది.

ఈ వివరం దగ్గర కాస్త నిలబడండి. ప్రత్యేక అవసరం ఉన్న పిల్లలను మామూలు క్లాసులో కూర్చోబెడితే మిగతావాళ్ళు నష్టపోతారేమోనన్న భయం మన తల్లిదండ్రుల్లో చాలామందికి ఉంది. ఈ కథ తలకిందులుగా నడిచింది. కంటిచూపు లేని ఒక్క పిల్లవాడి కోసం తలుపు తీశారు. ఆ తలుపులోంచి చూపున్న వందల మంది లోపలికి వెళ్ళారు. వాళ్ళలో ఇద్దరి పాటలు ఇప్పటికీ మీ కారులో మోగుతున్నాయి.

కళాశాలకు మొదటి అధ్యక్షుడిగా ఆదిభట్ల నారాయణదాసు గారిని నియమించారు. హరికథా పితామహుడని పేరు పొందిన ఆ మహానుభావుడి గురించి ఇంకో నెల విడిగా రాయాలి, ఇక్కడ సరిపోదు. కాళ్ళకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, రాత్రంతా ఒక్కడే కథ నడిపించగల దిట్ట. సంస్కృతం, తెలుగు ఆయనకు కొట్టిన పిండి. అంత పాండిత్యం ఉన్న మనిషి దగ్గరికి పాతికేళ్ళు దాటిన ఒక యువకుడు ఫిడేలు పట్టుకుని వచ్చాడు. విద్యార్థిగా చేర్చుకోమని అడగడానికి.

వచ్చినవాడి అర్హతలు కాగితం మీద రాస్తే ఏం కనిపించేది? బడి చదువు మధ్యలో ఆగింది. చూపు మందం. పెద్ద గురుకులం పేరు చెప్పుకోవడానికి లేదు, అన్నగారి దగ్గర నేర్చుకున్నాడు. ఇవాళ ఆన్‌లైన్ అప్లికేషన్‌లో ఇవి నింపితే మొదటి పేజీ దాటదు. నారాయణదాసు గారు కాగితం చూడలేదు, ఫిడేలు విన్నారు. విని, ఇతనికి ఇక్కడ నేర్చుకోవాల్సినదేమీ లేదని గ్రహించి, విద్యార్థిగా కాదు, ఫిడేలు ఆచార్యుడిగానే తీసుకున్నారు. అప్పటికి నాయుడు గారి వయసు 26.

దాసు గారు జాలి పడి ఉద్యోగం ఇవ్వలేదు. పాపం చూపు లేని కుర్రాడు, ఎక్కడో ఒక మూల కూర్చోనిద్దాం అనుకుని ఉంటే చివరి వరసలో ఒక చోటు దొరికేది. అది కూడా ఒక రకం చేర్చుకోవడమే. మన స్కూళ్ళలో చాలా చోట్ల జరిగేది కూడా అదే. అడ్మిషన్ ఇస్తాం, కూర్చోబెడతాం, ఏమీ అడగం. ప్రశ్న వేయం, హోంవర్క్ పట్టించుకోం, స్టేజి ఎక్కించం. పిల్లవాడు క్లాసులో ఉంటాడు గానీ క్లాసు వాడిది కాదు. టీచరు నోట కఠినమైన మాట ఒక్కటి కూడా రాకపోవచ్చు. వాడి నుంచి మనం ఏమీ ఆశించకపోవడమే వాడికి అందే సందేశం. అసలు చేర్చుకోకపోవడం కంటే ఇది ఒక్కోసారి ఎక్కువ బాధిస్తుంది.

ఆ తర్వాతి జీవితం మీకు ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 1936లో నారాయణదాసు గారి తర్వాత నాయుడు గారే ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. అప్పటిదాకా మన కచేరీల్లో ఫిడేలు అంటే పక్కవాద్యం. గాయకుడు పాడితే వెనకాలే అనుసరించాలి. ఫిడేలే ప్రధానంగా, ఒక్కరే కూర్చుని పూర్తి కచేరీ చేసే పద్ధతికి బాట వేసినవాళ్ళలో నాయుడు గారు ముందువరస. 1938లో వేలూరులో ఆయన అలాంటి మొదటి కచేరీ చేశారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ మన దేశానికి వచ్చినప్పుడు, మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ గారి ఇంట్లో నాయుడు గారి వాద్యం విని ముగ్ధుడయ్యాడు. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1964 నవంబరు 25న కన్నుమూశారు. 1993లో, ఆయన శతజయంతికి, తపాలా శాఖ ఒక స్టాంపు వేసింది.

ఈ జాబితాలో సాధారణంగా పైకి రాని ఒక సంగతి ఉంది. నాయుడు గారు అంధుల సహాయార్థం తరచూ కచేరీలు చేసేవారు. 1952లో ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఆడిటోరియంలో చేసిన కచేరీ అలాంటిదే. దేశం నలుమూలలా పేరు వచ్చాక కూడా ఆయన తన చిన్ననాటి బెంచీని మర్చిపోలేదని నాకనిపిస్తుంది.

ఘంటసాల గారి సంగతి కూడా చెప్పాలి, పాటతో మొదలుపెట్టాం కాబట్టి. ఆయన విజయనగరం చేరేసరికి చేతిలో పైసా లేదు, వారాలు చేసుకుని, అంటే రోజుకొక ఇంట్లో భోజనం చేస్తూ, చదువుకున్నారు. కళాశాలలో ఒక దశలో ఇక్కట్లు ఎదురై నిలువనీడ లేకుండా పోయింది. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రి గారు తన ఇంట్లో పెట్టుకుని ఒక్క రూపాయి తీసుకోకుండా నేర్పారు. సంస్థ ఎంత మంచిదైనా, అందులో ఒక పిల్లవాడికి చోటుందో లేదో తేల్చేది చివరికి ఒక్క టీచరే అని ఇలాంటివి చదివినప్పుడల్లా అనిపిస్తుంది. నాయుడు గారికి నారాయణదాసు గారు, ఘంటసాల గారికి శాస్త్రి గారు.

మరి మన టీచర్ల మాటేమిటి? ఇది మీరు అడగాల్సిన ప్రశ్న, మేము జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

1996లో స్క్రగ్స్, మాస్ట్రోపియరి అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన 28 సర్వేలను ఒకచోట చేర్చి చూశారు. పది వేల మందికి పైగా టీచర్ల అభిప్రాయాలు అవి, ఎక్కువగా అమెరికావి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు మామూలు క్లాసులో చదవాలన్న ఆలోచనను మూడింట రెండు వంతుల మంది సమర్థించారు. అందుకు కావలసిన సమయం, శిక్షణ, సామగ్రి తమకు ఉన్నాయని చెప్పినవాళ్ళు మాత్రం మూడో వంతు మించలేదు. అంకెలు పాతవే. ఇవాళ మా స్టాఫ్‌రూములో కూర్చున్నా ఇదే మాట వినిపిస్తుంది. ఆలోచన మంచిదే, కానీ నా క్లాసులో ఎలా?

ఆ కానీ వెనక ఉన్నది రాతిగుండె కాదు. నలభై మంది పిల్లలు, వారానికో టెస్టు, సిలబస్ పూర్తి చేయాల్సిన తేదీ, ర్యాంకుల పట్టిక. మాలాంటి స్కూళ్ళలో ఈ ఒత్తిడి ఇంకొంచెం ఎక్కువే, అది దాచి లాభం లేదు. బీఈడీలో ఈ విషయం మీద ఒక పేపరు చదివి పాసైన టీచరుకు, క్లాసు మధ్యలో చెవులు మూసుకుని ఏడ్చే పిల్లవాడిని ఎలా సముదాయించాలో ఆ పేపరు నేర్పదు. అందుకే చూపు తక్కువ పిల్లల్ని, కాలు సరిగా లేని పిల్లల్ని చేర్చుకోవడానికి ఒప్పుకునే టీచర్లు కూడా ఆటిజం, ఏడీహెచ్‌డీ అనేసరికి వెనక్కి తగ్గుతారు. మొదటివి కంటికి కనిపిస్తాయి, ఏం చేయాలో తోస్తుంది. రెండోవి అల్లరిలా కనిపిస్తాయి, పెంపకం లోపంలా కనిపిస్తాయి. నూట ఇరవై ఏళ్ళ కిందట మసక చూపు కూడా చాలామందికి అలాగే, సోమరితనంలా కనిపించి ఉంటుంది.

ఈ జంకు పోయేది ఎక్కువగా అనుభవంతోనే. అలాంటి పిల్లవాడితో ఒక సంవత్సరం గడిపిన టీచరు, పక్కన సలహా చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్ ఉంటే, మరుసటి ఏడు ఇంకొకరిని తీసుకోవడానికి భయపడరు. భయమంతా ఇంకా చూడనివాళ్ళదే. స్పెషల్ ఎడ్యుకేటర్ల విషయంలో 2021లో సుప్రీంకోర్టు ఒక లెక్క చెప్పింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక తరగతుల్లో పది మందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ఉండాలని. అంతకు ముందు 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్ళు వివక్ష లేకుండా చేర్చుకోవాలని, మిగతా పిల్లలతో కలిపి చదివించాలని చెప్పింది. సీబీఎస్ఈ పరీక్షల్లో అర్హత ఉన్న పిల్లలకు రాసిపెట్టే స్క్రైబ్ సదుపాయం ఉంది, మూడు గంటల పేపరుకు ఇంకో గంట అదనపు సమయం ఉంది. ఇవి దయాదాక్షిణ్యాలు కావు, మీ పిల్లల హక్కులు. అడగడానికి మొహమాటపడకండి.

ఇప్పుడు మీ వైపు మాట. టీచరు వైఖరి గాలిలోంచి ఊడిపడదు. ఒక పిల్లవాడి వల్ల మా అమ్మాయి క్లాసు డిస్టర్బ్ అవుతోందని నలుగురు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో రాస్తే, ఎంత గట్టి టీచరైనా రెండో వారానికి మెత్తబడతారు. ఆ పిల్లవాడిని కిటికీ పక్కకు, కిటికీ పక్క నుంచి చివరి బెంచీకి, అక్కడి నుంచి ఇంకో సెక్షనుకు జరుపుతారు. చివరికి ఆ తల్లే వచ్చి టీసీ అడుగుతుంది. ఎవరూ పొమ్మని అనలేదు, అయినా పంపేసినట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నాయుడు గారి కథ చదివి, ప్రత్యేక అవసరమున్న ప్రతి పిల్లవాడిలోనూ ఒక మహా విద్వాంసుడు దాగి ఉన్నాడని అనుకోకండి. అలా అనుకోవడం ఆ పిల్లల మీద ఇంకో బరువు వేయడమే. నూటికి తొంభై తొమ్మిది మంది చూపున్న పిల్లలు కూడా విద్వాంసులు కారు, వాళ్ళను మనం క్లాసులోంచి పంపేస్తున్నామా? గుణకారం నెమ్మదిగా చేసే అమ్మాయికి, మాట తడబడే అబ్బాయికి మన క్లాసులో చోటు దొరకడానికి వాళ్ళు ఏదో ఒకరోజు పద్మశ్రీ తెస్తారన్న హామీ అక్కర్లేదు. గంగబాబు కోసం కాలేజీ పెట్టినప్పుడు ఆ పిల్లవాడు ఏమవుతాడో మహారాజా గారికి తెలియదు కదా.

మన ఏరియా కాబట్టి సినిమా మాట ఒకటి. చూపు లేని వేణుగానం కళాకారుడిని హీరోగా, మాట రాని చిత్రకారిణిని హీరోయిన్‌గా పెట్టి విశ్వనాథ్ గారు 1986లో సిరివెన్నెల తీశారు. అంతకు పదేళ్ళ ముందు, 1976లో, సిరిసిరిమువ్వలో మాట రాని అమ్మాయితో నాట్యం చేయించారు. జనం కళ్ళు తుడుచుకుంటూ చూశారు, ఇప్పటికీ టీవీలో వస్తే చూస్తారు. తెర మీద అలాంటివాళ్ళను అంతగా ప్రేమించే మనం, అదే పిల్ల మన పిల్ల పక్కన కూర్చుంటే ఎందుకు కంగారు పడతాం? నాకు తోచిన కారణం ఇది. సినిమాల్లో ఆ పాత్రలు ఎక్కువగా వేదిక మీద కనిపిస్తాయి, క్లాసులో కనిపించవు. లెక్కల పీరియడ్‌లో వెనకబడి, పక్కవాడి సాయం తీసుకుని, మళ్ళీ లేచే మామూలు రోజు తెర మీద అరుదు. ఈ కొండ మీద కథలు రాసే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు, వాళ్ళెవరైనా ఆ కథ రాస్తే చూడాలని ఉంది.

చూపు సంగతి మాట్లాడుకుంటూ మన పక్కనే ఉన్న ఇంకో సినిమా మనిషిని వదిలేయలేను. దర్శకుడు, నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారు బంజారాహిల్స్‌లో 5 ఎకరాల స్థలం, కోటి రూపాయలు ఇస్తే, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో అక్కడ కంటి ఆసుపత్రి నెలకొల్పారు. మీలో చాలామంది ఆ గేటు ముందు నుంచే రోజూ వెళుతుంటారు. చూపు తిరిగి రాని వాళ్ళకు, మిగిలిన చూపుతో చదువు, పని ఎలా చేసుకోవాలో నేర్పే విభాగం కూడా అక్కడ ఉంది. విశాఖపట్నంలో ఆ రోజుల్లో ఒక పిల్లవాడికి అందనిది ఇవాళ మన ఇంటికి ఆటో దూరంలో ఉంది.

కాబట్టి ఒక చిన్న పని. వచ్చే టర్మ్ మొదలయ్యేలోపు మీ పిల్లల కళ్ళు, చెవులు ఒకసారి పరీక్ష చేయించండి. ఎక్కడైనా సరే, మీకు వీలున్న చోట. టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటున్నా, పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతున్నా, పిలిస్తే రెండోసారికి గానీ పలకకపోతున్నా వాయిదా వేయకండి. డాక్టరు రాసిచ్చిన చీటీ కాపీ ఒకటి క్లాస్ టీచరుకు ఇవ్వండి. కళ్ళద్దాలు రాసి ఉంటే పిల్లలు అవి పెట్టుకుంటున్నారో లేదో మేము చూసుకుంటాం. ఇద్దరు ముగ్గురు పిల్లలు బ్యాగులో పెట్టుకుని ఇంటికి వెళ్ళేటప్పుడే తగిలించుకుంటున్నారని మాకు తెలుసు. పేరెంట్ టీచర్ మీటింగ్ రోజు స్పెషల్ ఎడ్యుకేటర్ కూడా మధ్యాహ్నం దాకా గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉంటారు. మీ పిల్లల గురించే కాదు, మీ పిల్లల పక్కన కూర్చునే పిల్లల గురించి ఏదైనా సందేహం ఉన్నా, గ్రూపులో రాయడానికి ముందు ఆ గదికి ఒకసారి రండి.